ఫోరెన్సిక్ సైకియాట్రీలో క్రిమినాలజిస్టుకు చోటెక్కడ?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను బి.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. సైకాలజీ, సోషియాలజీ నా సబ్జెక్టులు. మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లెటూరు. నేరం చేసినవారి మానసిక స్థితిని పరిశీలించే ఫోరెన్సిక్ సైకియాట్రీ రంగంలో క్రిమినాలజిస్టుగా పనిచేయాలని ఇంటర్ చదివే రోజుల నుంచీ నా కోరిక. ఎం.ఏ. క్రిమినాలజీ చదివితే సరిపోతుందా, లేక డాక్టరు చదువు లేనివారికి ఇందులో చోటు లేదా? టీవీలో చూపించే నార్కో పరీక్షలు కూడా ఈ ఉద్యోగంలో భాగమేనా? మన రాష్ట్రాల్లో అవకాశాలు ఉన్నాయా, విదేశాలకు వెళ్లక తప్పదా? నాన్నగారు లా చదవమంటున్నారు. హంతకుల మధ్య ఆడపిల్లకు ఉద్యోగమేమిటని అమ్మ భయపడుతోంది. దయచేసి దారి చూపండి.
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ మొదటి ప్రశ్నకు ముందుగా సూటిగా జవాబు చెబుతాను, మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక. ఎం.ఏ. క్రిమినాలజీ (నేరశాస్త్రం) పట్టా ఒక్కటే చేతిలో ఉంటే, మన దేశంలోని ఏ ఫోరెన్సిక్ సైకియాట్రీ విభాగంలోనూ మీకంటూ ఒక స్థిరమైన స్థానం దొరకడం చాలా కష్టం. అలాగని ఆ చదువు వద్దని నేను చెప్పడం లేదు. ఆ విభాగాల్లో ఈనాడు అన్నిటికంటే ఎక్కువగా కొరవడుతున్నది క్రిమినాలజీ నేర్పే చూపే, అంటే నేరాన్ని అది పుట్టిన సమాజం వైపు నుంచి చూడగలగడమే. అయితే ఆ చూపుతో పాటు, చట్టం గుర్తించిన మరొక అర్హతను కూడా మీరు సంపాదించుకోవాలి. ఏ అర్హత అన్నది తేల్చుకుంటే మీ దారి దాదాపుగా తేలినట్టే.

ఈ పనిని మన చట్టం ఎవరికి అప్పగించిందో చూడండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సి.ఆర్.పి.సి. స్థానంలో వచ్చిన చట్టం) లోని 367వ సెక్షన్ ప్రకారం, తన ముందున్న ముద్దాయికి మతిస్థిమితం లేదని మేజిస్ట్రేటుకు అనిపిస్తే, సివిల్ సర్జన్ వంటి ప్రభుత్వ వైద్యాధికారి చేత పరీక్ష చేయించాలి. మతిస్థిమితం లేదని ఆ వైద్యాధికారికి తేలితే, ముద్దాయిని సైకియాట్రిస్టు వద్దకు గాని క్లినికల్ సైకాలజిస్టు వద్దకు గాని పంపాలి. వారి అభిప్రాయం మీద అభ్యంతరం ఉంటే మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే వీలు ఉంటుంది. ఈ క్రమం మొత్తంలో క్రిమినాలజిస్టు ప్రస్తావన ఎక్కడా లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా సైకియాట్రిస్టును, క్లినికల్ సైకాలజిస్టును, మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సును, సైకియాట్రిక్ సోషల్ వర్కరును నిర్వచించి, సైకియాట్రిస్టు మినహా మిగిలినవారి పేర్ల నమోదుకు ఏర్పాటు చేసింది. క్రిమినాలజిస్టుకు అందులో చోటు ఇవ్వలేదు.

అందువల్ల నా దగ్గరకు ఈ ప్రశ్నతో వచ్చే విద్యార్థులందరినీ నేను ఒకే మాట అడుగుతాను: కోర్టుకు వెళ్లే నివేదికలో ఏ భాగం కింద మీ సంతకం ఉండాలని కోరుకుంటున్నారు? జబ్బు ఉందా లేదా, ఉంటే ఏది అన్న నిర్ధారణ కింద సంతకం చేయాలంటే ఎం.బి.బి.ఎస్., ఆ తర్వాత మూడేళ్ల ఎం.డి. సైకియాట్రీ వంటి పీజీ తప్పదు, ఆపైన ప్రత్యేకత కోరుకునేవారికి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్హాన్స్‌లో ఫోరెన్సిక్ సైకియాట్రీలోనే డి.ఎం. (సూపర్ స్పెషాలిటీ) కోర్సు ఉంది. తెలివితేటల పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు జరిపి వాటి ఫలితాల కింద సంతకం చేయాలంటే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ, ఆ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి. ఆ మనిషి పుట్టి పెరిగిన ఇల్లు, చదువు, పని, ఊరు, కుటుంబం, జబ్బు మొదలైన తీరు, నేరానికి ముందు రోజులు ఎలా గడిచాయి, విడుదలైతే ఎవరు ఆదరిస్తారు అన్న భాగం కింద సంతకం చేసేది సైకియాట్రిక్ సోషల్ వర్కరు. మీరు మనసులో ఊహించుకుంటున్న క్రిమినాలజిస్టు పని నిజానికి ఈ మూడో భాగంలోనే ఎక్కువగా ఉంది.

ఈ భాగాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. మందుల చీటీ రాసే అధికారం లేనివారి పని అనుకుంటారు. కాని కేసు ఎటు తిరుగుతుందో చాలాసార్లు తేల్చేది ఈ భాగమే. ఒక సందర్భాన్ని ఊహించి చెబుతాను. ఒక పల్లెలో ఒక మనిషి తన పొరుగింటి వృద్ధురాలిని చంపాడు, ఆమె తన బిడ్డకు చేతబడి చేసిందని చెప్పాడు. వైద్యుడు అరగంట మాట్లాడితే ఇది స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధిలో కనిపించే భ్రమలాగే తోచవచ్చు. కాని మన పల్లెల్లో చేతబడి, బాణామతి నమ్మకాలు ఎంత బలంగా ఉన్నాయో, ఆ అనుమానంతో ఎంతమంది అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారో మీకు తెలియనిది కాదు. వీధివీధంతా నమ్మే విషయాన్ని ఆ మనిషి కూడా నమ్మి ఉంటే, అది తప్పుడు నమ్మకమే అయినా, మానసిక వైద్యశాస్త్రం దాన్ని జబ్బు లక్షణంగా లెక్కించదు. ఒక సమాజం పంచుకునే నమ్మకాన్ని భ్రమ అనకూడదని ఆ శాస్త్రమే చెబుతోంది. దీనికి భిన్నంగా, ఊరిలో ఎవరూ ఆ వృద్ధురాలిని ఎన్నడూ అనుమానించకుండా, ఇతనికి మాత్రం గోడల్లోంచి ఆమె గొంతు వినిపిస్తూ, అన్నంలో విషం కలుపుతున్నారని ఇల్లాలి చేతి ముద్ద కూడా ముట్టకుండా నెలల తరబడి గడిపి ఉంటే, అది పూర్తిగా వేరే కథ. ఈ తేడా ఆసుపత్రి గదిలో కూర్చుంటే తెలియదు. ఆ ఊరు వెళ్లి, ఇంటివారితో, ఇరుగుపొరుగుతో, కిరాణా కొట్టువాడితో, బడిలో చదువు చెప్పిన మాస్టారుతో మాట్లాడి, ఆ ఊరి పాత తగాదాలు తెలుసుకుని, ఆ ఇంట్లో అంతకు ముందు ఏ భూతవైద్యుడిని పిలిచారో, ఏ దర్గాకు తీసుకెళ్లారో విని, అప్పుడు రాయాలి. నేరం ఏ సమాజంలో, ఏ సంబంధాల మధ్య పుట్టిందో చూడడం క్రిమినాలజీ నేర్పే విద్య. గోదావరి జిల్లాల యాస, తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస తేడా తెలిసి, ‘గాలి సోకింది’ అన్న మాట వెనక ఎన్ని రకాల బాధలు ఉండగలవో ఎరిగిన మనిషి చేయాల్సిన పని ఇది. ఇక్కడ మీ పల్లెటూరి పెంపకం మీకు లోటు కాదు, పెట్టుబడి.

కోర్టు అడిగే ప్రశ్నలు కూడా మీరు ఇప్పుడే స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే కొత్తవారంతా తడబడేది ఇక్కడే. ఒకటి, ఈ ముద్దాయి ఈ రోజు విచారణను అర్థం చేసుకుని తన తరఫున వాదన చెప్పుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది. రెండోది, నేరం జరిగిన ఆ క్షణంలో తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నది. మొదటి ప్రశ్నకు జవాబు మనిషిని చూసి చెప్పవచ్చు. రెండో ప్రశ్న గడిచిపోయిన కాలానికి సంబంధించినది; నేరం జరిగిన చాలా నెలల తర్వాత, అప్పటికే మందులు పడిన మనిషిని చూసి దానికి జవాబు వెతకాలి. ఇంగ్లండులో 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపిన కేసు తర్వాత రూపొందిన సూత్రాలే 1860 నాటి మన పీనల్ కోడ్ 84వ సెక్షన్‌కు మూలమయ్యాయి. అదే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. జబ్బు ఉందని డాక్టరు చెప్పినంత మాత్రాన ఈ రక్షణ దక్కదని, వైద్యం దృష్టిలో మతిభ్రమణం వేరు, చట్టం దృష్టిలో మతిభ్రమణం వేరు అని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెబుతూ వచ్చింది.

మరి ఆ గడిచిన క్షణాన్ని దేని ఆధారంగా తేలుస్తారు? 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మహారాష్ట్ర కానిస్టేబుల్ కేసు చదవండి. అతడు భార్యను రుబ్బురాయితో కొట్టి చంపాడు. కింది కోర్టులు శిక్ష వేశాయి. అతని తండ్రికి కూడా మానసిక వ్యాధి ఉండడం, నేరానికి రెండేళ్ల ముందు నుంచే అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రీనియాకు చికిత్స జరగడం, అరెస్టు తర్వాత కొద్ది నెలల్లో అనేకసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి రావడం, హత్యకు చెప్పిన కారణం బలహీనంగా ఉండడం, పట్టపగలు చంపి కూడా దాక్కోవడానికో పారిపోవడానికో ప్రయత్నించకపోవడం, ఇవన్నీ కలిపి చూసి సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. ఈ ఆధారాల్లో ఏ ఒక్కటీ రక్తపరీక్షలోనో మెదడు స్కానులోనో దొరికేది కాదు. అన్నీ జీవిత వివరాలు, రికార్డులు, సాక్షుల మాటలు. వాటిని ఓపికగా, ఎవరి పక్షానా మొగ్గకుండా పోగుచేసి, తేదీల వారీగా పేర్చి, ఏది స్వయంగా చూసిందో ఏది ఇతరులు చెప్పిందో విడదీసి రాయగలగడమే ఈ వృత్తిలో అసలైన నైపుణ్యం. ‘నేరస్థుల మనసు చదవడం’ అని జనం అనుకునేది దీనిలో చాలా చిన్న భాగం.

తీర్పు వచ్చాక పని ముగుస్తుందనుకోకండి. మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా తేలిన మనిషి ఆ రోజే ఇంటికి వెళ్లడు. అతన్ని సురక్షిత నిర్బంధంలో ఉంచమని గాని, తగిన పూచీకత్తుతో బంధువులకు అప్పగించమని గాని కోర్టు ఆదేశిస్తుంది. చంపబడింది భార్యో తల్లో అయినప్పుడు ఆ బంధువులు ఎవరు? అతన్ని తీసుకెళ్లడానికి ఎవరు ముందుకు వస్తారు? అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ సంగతి ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 1951లో ఒకరిని తీవ్రంగా గాయపరిచాడన్న ఆరోపణతో అరెస్టయి, తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి చేరాడు. 1967లోనే అతను కోలుకున్నాడని ఆసుపత్రి రాసింది. అయినా ఇంటికి పంపకుండా జైలుకు మార్చారు. విచారణ జరగలేదు, ఎవరూ అడగలేదు. మొత్తం 54 ఏళ్లు నిర్బంధంలో గడిచాక, జాతీయ మానవ హక్కుల సంఘం పట్టించుకున్న తర్వాత, 2005లో ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద విడుదలయ్యాడు. నేరం రుజువై ఉంటే కూడా అంత శిక్ష పడేది కాదు. ఆ ఫైలును ఏడాదికి ఒకసారి తెరిచి ‘ఈ మనిషి ఇంకా ఇక్కడ ఎందుకున్నాడు’ అని అడిగే ఉద్యోగి ఒక్కరున్నా ఆ దారుణం జరిగేది కాదు. ఖైదీల వార్డులో ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారు, ఎవరి కేసు ఏ కోర్టులో ఆగింది, ఎవరి ఇంటి చిరునామా వెతకాలి అని లెక్క పట్టుకుని తిరిగే మనిషి కావడం నా దృష్టిలో ఈ వృత్తి మొత్తంలో అత్యంత విలువైన పని. మీకు అటువంటి పని మీద మనసు లేకపోతే ఈ రంగం వద్దనే చెబుతాను.

నార్కో పరీక్షల గురించి అడిగారు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, నార్కో అనాలిసిస్ (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను మనిషి అంగీకారం లేకుండా బలవంతంగా జరపడం రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. ఆ పరీక్షలు ఫోరెన్సిక్ ల్యాబుల పరిధిలోకి వస్తాయి, దర్యాప్తుకు సంబంధించినవి. ఫోరెన్సిక్ సైకియాట్రీ పని నేరం చేశాడా లేదా అని కనిపెట్టడం కాదు. ఆ రెండింటినీ కలగలిపి చూపించే టీవీ కార్యక్రమాల వల్ల చాలామంది పిల్లలు తప్పుడు ఆశతో చేరి, చేరాక నిరాశపడుతున్నారు.

ఇక అవకాశాలు. ఇక్కడ నేను కొంత ధైర్యంగానే చెప్పగలను, ఎందుకంటే గత కొన్నేళ్ల తీర్పులు, చట్టాలు ఈ పనికి కొత్త తలుపులు తెరిచాయి. 2019లో సుప్రీంకోర్టు, శిక్ష పడిన తర్వాత వచ్చిన తీవ్ర మానసిక వ్యాధిని కూడా మరణశిక్ష తగ్గించడానికి కారణంగా పరిగణించవచ్చని చెప్పింది. 2022 మే నెలలో మనోజ్ కేసులో ఇంకా ముందుకు వెళ్లి, మరణశిక్షకు అవకాశం ఉన్న కేసుల్లో ముద్దాయి మానసిక స్థితి మీద నివేదికను, అతని కుటుంబం, బాల్యం, చదువు, ఆర్థిక పరిస్థితుల వివరాలను విచారణ కోర్టు దశలోనే తెప్పించుకోవాలని ఆదేశించింది. శిక్ష తగ్గింపు కోసం ఆ వివరాలు పోగుచేసే పనిని మిటిగేషన్ ఇన్వెస్టిగేషన్ అంటున్నారు. క్రిమినాలజీ, సోషల్ వర్క్, సైకాలజీ చదివినవారు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీలో ప్రాజెక్ట్ 39ఏ పేరుతో మొదలైన బృందం 88 మంది మరణశిక్ష ఖైదీలతో మాట్లాడి 2021లో వెలువరించిన అధ్యయనంలో, వారిలో 62 శాతానికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నట్టు తేలింది. అదే బృందం ఇప్పుడు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో పనిచేస్తోంది. మీ ఇంటి నుంచి ఒక రాత్రి ప్రయాణం దూరం. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టడం మీరు ఇప్పుడే ఆలోచించవలసిన విషయం.

బాలల న్యాయం మరో పెద్ద రంగం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, 16 నిండి 18 లోపు వయసున్నవారి మీద ఘోరమైన నేరం ఆరోపణ వస్తే, ఆ పిల్లవాడి మానసిక, శారీరక సామర్థ్యం మీద, నేర పరిణామాలను అర్థం చేసుకునే శక్తి మీద, నేరం జరిగిన పరిస్థితుల మీద జువెనైల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా వేయాలి. బోర్డులో బాలల మనస్తత్వంలో నిపుణులు లేనప్పుడు అనుభవజ్ఞులైన సైకాలజిస్టుల, సైకో సోషల్ వర్కర్ల సహాయం తీసుకోవడం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం ప్రకారం జిల్లాకో బోర్డు ఉండాలి. తెలుగులో పిల్లలతో మాట్లాడి నమ్మదగిన నివేదిక రాయగలిగినవారు మాత్రం అవసరానికి తగినంతమంది లేరు. జైళ్ల విషయానికి వస్తే, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ చెబుతోంది. హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి కోర్టులు, జైళ్లు పంపే మనుషులు వస్తూనే ఉంటారు. వీటితో పాటు ప్రొబేషన్ అధికారుల పోస్టులు, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు, బోధన ఉన్నాయి. దాచకుండా ఒక్క మాట చెప్పాలి: ప్రభుత్వ నోటిఫికేషన్లు అరుదుగా వస్తాయి, ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టు మీద నడుస్తాయి, మొదటి కొన్నేళ్ల జీతం మీ తోటి ఇంజనీర్ల జీతంతో పోల్చదగినది కాదు. ఇంట్లో ఆర్థిక ఒత్తిడి ఉంటే దీన్ని ముందే లెక్క వేసుకోండి.

మీరు చదవవలసిన దారి గురించి నా అభిప్రాయం ఇది. బి.ఏ. తర్వాత ఎం.ఎస్.డబ్ల్యు. లేదా ఎం.ఏ. సోషల్ వర్క్ చేయండి, వీలైతే క్రిమినాలజీ, న్యాయవ్యవస్థ ప్రత్యేకాంశంగా ఉన్న చోట. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఇందులో దేశంలోనే పాత సంస్థ. అక్కడి ‘ప్రయాస్’ అనే ప్రాజెక్టు 1990 నుంచి జైళ్లలోని ఖైదీలతో పనిచేస్తోంది. ఆ తర్వాత నిమ్హాన్స్, రాంచీ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, తేజ్‌పూర్ వంటి చోట్ల సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల శిక్షణకు ప్రయత్నించండి. మనుషులకంటే పరీక్షలు, కొలతల మీద మీకు ఆసక్తి ఎక్కువైతే, ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. సైకాలజీ చేసి, క్లినికల్ సైకాలజీ వైపు వెళ్లండి. ఈ రెండు శిక్షణలూ ఇన్నాళ్లూ ఎం.ఫిల్. పేరుతో నడిచాయి, కొత్త విద్యావిధానం ఎం.ఫిల్.ను తొలగించడంతో వీటి పేర్లు, స్వరూపం మారుతున్నాయి. కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది ఆ సంస్థ ప్రకటనను, సైకాలజీ వైపైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ జాబితాను స్వయంగా చూసుకోండి. ఎవరి నోటిమాటా నమ్మవద్దు. ముందుగా ఎం.ఏ. క్రిమినాలజీయే చేయాలని మీకు పట్టుదల ఉంటే నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. అయితే దాని తర్వాత పైన చెప్పిన శిక్షణల్లో చేరడానికి మళ్లీ సోషల్ వర్క్ లేదా సైకాలజీ పీజీ అడుగుతారు, రెండేళ్లు అదనంగా గడుస్తాయి.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. ఆరు వారాల ఆన్‌లైన్ క్లాసులతో ‘సర్టిఫైడ్ ఫోరెన్సిక్ సైకాలజిస్ట్’, ‘క్రిమినల్ ప్రొఫైలర్’ అని ముద్రించి ఇచ్చే కాగితాలకు మధ్యతరగతి తల్లిదండ్రులు వేలకు వేలు కడుతున్నారు. ఆ కాగితంతో చట్టం చెప్పిన నిపుణులు కాలేరు. కోర్టు బోనులో నిలబడి, ‘మీ అర్హత ఏమిటి’ అన్న మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ ప్రశ్నకే తలదించుకోవలసి వస్తుంది. ఆ నివేదిక మీద ఆశ పెట్టుకున్న మనిషికి జరిగే నష్టం మరీ పెద్దది.

విదేశాల విషయం క్లుప్తంగా. క్రిమినాలజిస్టులకు ఈ రంగంలో సహజమైన చోటు ఉన్న దేశాలు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని పీటర్ బాన్ కేంద్రంలో తీవ్ర నేరాల ముద్దాయిలను కొన్ని వారాల పాటు ఉంచి పరిశీలిస్తారు. అక్కడ సైకియాట్రిస్టు, సైకాలజిస్టులతో సమానంగా, ముద్దాయి కుటుంబాన్ని, స్నేహితులను, టీచర్లను కలిసి జీవిత చరిత్ర రాసే పరిశోధకులు ప్రత్యేకంగా ఉంటారు. బెల్జియంలో కూడా క్రిమినాలజీ చదివినవారు జైళ్ల మానసిక, సామాజిక విభాగాల్లో పనిచేస్తారు. అయితే మనుషులతో వారి మాతృభాషలో మాట్లాడే పని కనుక డచ్ వంటి అక్కడి భాష బాగా రానిదే కుదరదు. ఇంగ్లండులో బ్రాడ్‌మూర్, ర్యాంప్టన్, ఆష్‌వర్త్ అనే మూడు అత్యంత కట్టుదిట్టమైన ఆసుపత్రులు ఉన్నాయి. ఫోరెన్సిక్ మెంటల్ హెల్త్‌లో ఎం.ఎస్సీ. కోర్సులు కూడా ఉన్నాయి. ఆ ఒక్క ఏడాది పట్టాతో అక్కడ రిజిస్టర్డ్ ఫోరెన్సిక్ సైకాలజిస్టు హోదా రాదు, దానికి ఆపైన ఏళ్ల తరబడి పర్యవేక్షణలో శిక్షణ కావాలి. మళ్లీ హింసకు పాల్పడే ప్రమాదాన్ని అంచనా వేసే హెచ్.సి.ఆర్.-20 వంటి పద్ధతులు మాత్రం ఎక్కడున్నా నేర్చుకోవలసినవే. అందులోని 20 అంశాల్లో 10 గతానికి, 5 ప్రస్తుత మానసిక స్థితికి, 5 రాబోయే పరిస్థితులకు చెందినవి. ఆ చివరి 5, అంటే విడుదల తర్వాత ఇల్లు, ఆదరణ, చికిత్స, ఒత్తిళ్లు ఎలా ఉంటాయన్నది, మన పల్లెలకు, మన కుటుంబాలకు అన్వయించి చూడగల మనిషి ఇక్కడివారే అయి ఉండాలి. అందుకే మొదటి శిక్షణ ఇక్కడే పొందండి, పరదేశం తర్వాత ఆలోచించండి అంటాను.

మీ నాన్నగారి సలహాలో నిజముంది. పూర్తి లా డిగ్రీ మీకు అవసరం లేదు, కాని చట్టం తెలియని మనిషి ఈ పని చేయలేరు. ఈ ఉత్తరంలో నేను పేర్కొన్న సెక్షన్లను మూల పాఠంలో చదవండి. నిపుణుల అభిప్రాయానికి సంబంధించిన భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ కూడా. చదివాక కేవలం ఆ వైపే మనసు లాగితే, నాన్నగారు చెప్పినట్టే చేయండి. మానసిక వ్యాధి ఉన్న ముద్దాయిల తరఫున నిలబడే న్యాయవాదులు కూడా మనకు చాలా తక్కువ.

అమ్మగారి భయం విషయంలో రెండు సంగతులు చెప్పండి. మానసిక వ్యాధి ఉన్నవారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయనివారు. చేసేవారికంటే ఇతరుల చేతిలో దెబ్బలు తినేవారే ఎక్కువ. నేరారోపణ ఉన్నవారిని చూసేటప్పుడు కాపలా ఉంటుంది, గదిలో తలుపు దగ్గరి కుర్చీ పరిశీలకులదే, ఒంటరిగా కలవకూడదన్న నియమం ఉంటుంది, ఇవి శిక్షణలో మొదటి వారంలోనే నేర్పుతారు. ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ నిమ్హాన్స్‌లోనూ ఈ పని చేస్తున్నవారిలో స్త్రీలు ఎందరో ఉన్నారు. మహిళా ఖైదీలు, పసిబిడ్డను చంపుకున్న బాలింతలు తమ కథ విప్పి చెప్పుకునేది చాలావరకు వారి దగ్గరే. అసలు భారం వేరు. రోజంతా విన్న కథలు రాత్రి నిద్రలోకి వస్తాయి. పసివారి మీద జరిగిన దారుణాన్ని ఛార్జిషీటులో అక్షరం వదలకుండా చదివి, వెంటనే ఆ పని చేశాడన్న మనిషి ఎదురుగా కూర్చుని అసహ్యం కనబడనీయకుండా ‘అన్నం తిన్నారా’ అని అడగవలసి ఉంటుంది. మీతో చెప్పింది కోర్టుకు చేరుతుందని ఆ మనిషికి మొదటే తెలియజేయాలి, తర్వాత అతను నమ్మి చెప్పినదంతా నివేదికలో రాయాలి. ఈ బరువు పంచుకోవడానికి అనుభవజ్ఞులైన పర్యవేక్షకులు ఉన్న సంస్థలోనే మొదటి ఉద్యోగం చేయండి, జీతం కొంత తక్కువైనా సరే.

పరీక్షలు అయ్యాక వేసవిలో సమయం దొరుకుతుంది. రాజమహేంద్రవరం జిల్లా కోర్టుల ప్రాంగణంలో సెషన్స్ విచారణలు మామూలుగా బహిరంగంగానే జరుగుతాయి; వెనుక బెంచీలో కూర్చుని ఒక హత్య కేసులో డాక్టరు సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ మొదటి నుంచి చివరి దాకా వినండి. పైన చెప్పిన 2002 నాటి తీర్పును తెచ్చుకుని, ఏ వివరాన్ని ఎవరు పోగుచేసి ఉంటారో పక్కన రాసుకోండి. ఆ తర్వాత కూడా మీ మనసు ఇదే పని మీద నిలిచి ఉంటే, ముంబై, బెంగళూరు సంస్థల ప్రవేశ ప్రకటనల కోసం చూడడం మొదలుపెట్టండి. సోషల్ వర్క్, సైకాలజీల్లో ఏది ఎంచుకోవాలో అప్పటికీ తేలకపోతే, కోర్టులో మీరు విన్నదాన్ని కూడా రాస్తూ మళ్లీ ఉత్తరం పంపండి.